ఒక్క రైఫిలుతో అడవి బాట పట్టిన బొల్లారం షికారీ కెన్నెత్ ఆండర్సన్

అరకు, పాడేరు కొండల్లో చైత్రమాసం వస్తే ఇటుకల పండుగ. మగవాళ్లు విల్లంబులు, బల్లేలు, నాటు తుపాకులు పట్టుకుని అడవికి పోవడం పాత ఆచారం. ఖాళీ చేతులతో తిరిగొస్తే ఊళ్లో ఆడవాళ్ల ఎగతాళి తప్పదు. 1972 చట్టం వచ్చాక వేట నేరమైంది గానీ నాటు తుపాకీ మాత్రం కొండల్లోంచి పూర్తిగా పోలేదు. గొట్టం మూతిలోంచి తుపాకీ మందు కూరి, సీసపు గుండో ఇనుప ముక్కలో వేసి పేల్చే తుపాకీ అది. చేలో పడ్డ అడవిపందిని బెదరగొట్టడానికి సరిపోతుంది. కానీ కాస్త దూరం పోతే గుండు ఎటు పోతుందో చెప్పలేం. పెద్ద జంతువుకు తగిలినా చాలాసార్లు తోలు కిందే ఆగిపోతుంది. జంతువు చావదు, పారిపోతుంది. ఆ తర్వాత ఏమవుతుంది?

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ ఇవే తూర్పు కనుమల దక్షిణపు కొసలో ఏళ్ల తరబడి రాత్రిళ్లు మంచె మీద కూర్చున్న మనిషి కెన్నెత్ ఆండర్సన్.

ఆయన పుట్టింది మన దగ్గరే. 1910 మార్చి 8న, సికింద్రాబాద్ పక్కన బొల్లారంలో. స్కాట్లాండ్ మూలాలున్న కుటుంబం, తరాల కిందటే హిందుస్థాన్‌లో స్థిరపడింది. తండ్రి డగ్లస్ స్టువర్ట్ ఆండర్సన్ మిలిటరీ లెక్కల శాఖలో ఉద్యోగి, ఆయనకూ షికారు పిచ్చి ఉండేది. కొడుక్కి తుపాకీ పట్టడం నేర్పింది ఆయనే. కెన్నెత్ పెరిగిందీ చదివిందీ బెంగళూరులో, బిషప్ కాటన్ స్కూల్లో. లా చదవమని ఎడిన్‌బరో పంపితే మధ్యలోనే వదిలేసి వచ్చేశాడు. తర్వాత తపాలా-తంతి శాఖలో చాలా ఏళ్లు, ఆపైన బెంగళూరు విమానాల ఫ్యాక్టరీలో ఉద్యోగం. అంటే జమీందారూ కాదు, నవాబూ కాదు. సెలవు పెట్టి, పాత స్టూడిబేకర్ కారేసుకుని అడవికి పోయే నౌకరీ మనిషి.

ఈ మాట ముఖ్యం. ఎందుకంటే ఆ కాలంలో పులి షికారంటే రాజుల సరదా. ఏనుగులు, హాకా కొట్టే వందల మంది కూలీలు, ఒక్కో దొర వెనక రెండు మూడు తుపాకులు మోసే నౌకర్లు. ఆ తుపాకులూ అలాంటివే. లండన్‌లో చేయించిన రెండు గొట్టాల రైఫిళ్లు. .470 బోరు తూటాలో గుండు బరువు 500 గ్రెయిన్లు, అంటే 32 గ్రాములు. .577లో అయితే 750 గ్రెయిన్లు, దాదాపు 49 గ్రాములు. పేలిస్తే భుజం అదిరిపోతుంది. ధర మామూలు ఉద్యోగికి అందేది కాదు.

ఆండర్సన్ చేతిలో ఉన్నది అమెరికా కంపెనీ విన్‌చెస్టర్ చేసిన 1895 మోడల్ రైఫిలు, .405 బోరు. బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లో. ట్రిగ్గర్ కింద ఉండే లివరును కిందికి లాగి పైకి తోస్తే ఖాళీ తూటా బయటపడి కొత్తది లోపలికి వస్తుంది. గుండు 300 గ్రెయిన్లు, 19 గ్రాముల పైచిలుకు. సెకనుకు దాదాపు 670 మీటర్ల వేగం. అమెరికా అధ్యక్షుడిగా చేసిన థియోడర్ రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికా పోయినప్పుడు సింహాల కోసం పట్టుకుపోయింది ఈ మోడలే. దొరల లెక్కలో ఇది చిన్నదీ కాదు, పెద్దదీ కాదు. ఆండర్సన్ మాత్రం దాన్ని మార్చలేదు. చిరుత అయినా, పులి అయినా, ఎలుగుబంటి అయినా అదే. చీకట్లో దాని లివరు ఎంత దూరం లాగాలో, గొట్టానికి బిగించిన టార్చి మీట ఎక్కడుందో చేతికి తెలియాలి. అరక్షణం తడబడితే అవతల ఉన్నది పులి.

పెద్ద జంతువుకు ఎంత చిన్న గుండు చాలు అనే తగాదా షికారీల మధ్య నూరేళ్లుగా ఉంది. చిన్న బోరు వాళ్లకు పెద్ద సాక్షి కారమోజో బెల్. స్కాట్లాండ్ మనిషి, ఆఫ్రికాలో వెయ్యికి పైగా ఏనుగులను కొట్టాడు. అందులో ఎక్కువ భాగం 7 మిల్లీమీటర్ల చిన్న రైఫిలుతోనే, 11 గ్రాముల గుండుతో. వినడానికి గొప్పగా ఉంటుంది గానీ బెల్ ముందు ఏనుగు పుర్రెను రంపంతో కోయించి, మెదడు ఎక్కడ ఉంటుందో, ఏ పక్క నుంచి కొడితే గుండు అక్కడికి చేరుతుందో చూసుకున్నాడు. ఆయన వాడింది గట్టి లోహపు తొడుగున్న గుండు. అది ఎముకను తాకినా వంగకుండా తిన్నగా పోతుంది. ఆ చదువు లేకుండా చిన్న రైఫిలు పట్టుకుని ఏనుగు మీదికి పోయినవాళ్లు చాలామంది తిరిగి రాలేదు.

ఇటు కుమావూ కొండల్లో జిమ్ కార్బెట్‌దీ అలాంటి కథే. 436 మందిని పొట్టన పెట్టుకుందని చెప్పే చంపావత్ ఆడపులిని 1907లో చంపినందుకు ఆయనకు .275 రిగ్బీ రైఫిలు బహుమతిగా ఇచ్చారు. అదీ 7 మిల్లీమీటర్లే. 1926లో రుద్రప్రయాగ చిరుతను దానితోనే కొట్టాడు. 1930లో చౌగఢ్ ఆడపులి ఎదురుపడినప్పుడు ఆయన ఎడమ చేతిలో పిట్ట గుడ్లున్నాయి. రైఫిలు తేలిక కాబట్టి ఒక్క చేత్తో నెమ్మదిగా తిప్పి కాల్చాడు. 49 గ్రాముల గుండు పేల్చే బరువైన రైఫిలును అలా ఒక్క చేత్తో తిప్పడం ఎవరి తరమూ కాదు.

మరి గుండు? పులి బరువు రెండు వందల కిలోల దరిదాపులో ఉంటుంది, తోలు పల్చన. దానికి ముక్కు మెత్తగా ఉండే సీసపు గుండు కావాలి. లోపలికి పోయాక అది విచ్చుకుని పెద్ద గాయం చేస్తుంది. గట్టి గుండు వాడితే ఈ పక్క నుంచి ఆ పక్కకు దూసుకుపోతుంది, జంతువు నడుచుకుంటూ పోయి పొదల్లో పడుకుంటుంది. ఏనుగుకు, అడవిదున్నకు ఇది తలకిందులు. మెత్తటి గుండు వాటి ఎముక మీదే చితికిపోతుంది. ఎంత బోరు అనేదానికంటే ఏ గుండు, ఎక్కడ తగిలింది అనేదే ప్రాణం తీసేదో నిలబెట్టేదో తేలుస్తుంది.

ఇక్కడే ఆండర్సన్ జీవితం మామూలు షికారీల కథల నుంచి వేరుపడుతుంది. గురి తప్పితే దొరకు పోయేది ఒక చర్మం. కానీ గాయపడిన పులి జింకను పట్టలేదు, పశువునూ పడగొట్టలేదు. చివరికి మనిషి దగ్గరికి వస్తుంది. దాని చేతిలో చచ్చేది తుపాకీ ఉన్నవాడు కాదు, పశువుల కాపరి, కట్టెలకు పోయిన ఆడమనిషి, బండి తోలేవాడు. ఆండర్సన్ రాసిన నరభక్షకుల కథల్లో చాలా వాటికి మొదలు ఎవరో సరిగ్గా కొట్టని గుండే. కొన్నింటికి కారణం ముళ్లపంది ముళ్లు. గుమ్మళాపురం చిరుత పాదాల్లో అవే దిగబడి ఉన్నాయి.

ఆయన తిరిగిన చోట్లు మనకు కొత్తవి కావు. చంద్రగిరి వైపు శేషాచలం కొండల్లో చామల లోయ, భాకరాపేట, నాగపట్ల. తిరుపతి నుంచి కోడూరు పోయే రైలు దారిలో మామండూరు. ఆ రెండు చోట్లా మనుషుల్ని తిన్న పులుల మీద ఆయన కథలు రాశాడు. ఇంకా కిందికి పోతే హోసూరు పక్క జౌళగిరి, గుమ్మళాపురం, పెన్నాగరం. హోసూరు దిక్కున తెలుగు మాట ఇప్పటికీ వినిపిస్తుంది. అడవి చదవడం ఆయనకు నేర్పింది పూజారి తెగకు చెందిన బైర. ఒంటి మీద గోచీ తప్ప ఏమీ లేని మనిషి, దొంగచాటుగా వేటాడేవాడు. దొర ఆ మనిషిని గురువుగా, దోస్తుగా చెప్పుకున్నాడు. తెల్లవాళ్లు రాసిన షికారు పుస్తకాల్లో ఇది అంత తరచుగా కనిపించేది కాదు.

మన పాఠకులకు దగ్గరగా అనిపించే కథ ఆలం బక్ష్‌ది. మైసూరు రాజ్యంలో, అర్సికెరె దగ్గర రోడ్డు పక్కన ఒక దర్గాను చూసుకునే ముసలాయన. అటుగా పోయేటప్పుడు ఆండర్సన్ ఆయన దగ్గర ఆగేవాడు. ఒక రాత్రి ఆ ముసలాయన కొడుకు ఇంటి బయటికి వచ్చాడు. మేడిపళ్లకు, వేరుశనగకు వచ్చిన ఎలుగుబంటి మీద పడి చంపేసింది. ఎలుగుబంటి పులిలా తినడానికి చంపదు. బెదిరితే మొహం మీదికి వచ్చి కళ్లు, ముక్కు పీకేస్తుంది. ఈ ఎలుగుబంటి ఆ తర్వాత ఇంకా కొందరిని చంపింది, చాలామందిని కురూపుల్ని చేసింది. ఆండర్సన్ దాని వెంట పడి, ఒకసారి కాదు పలుసార్లు పోయి, చివరికి కొట్టాడు. బక్షీసు లేదు, చర్మం మీద మోజూ లేదు. కొడుకు పోయిన తండ్రి కబురంపాడు, వచ్చాడు.

ప్రభుత్వ లెక్కల్లో 1939 నుంచి 1966 వరకు ఆయన పేరున 8 నరభక్షక చిరుతలు, 7 పులులు ఉన్నాయంటారు. అంతకంటే ఎక్కువే కొట్టాడని చెప్పేవాళ్లూ ఉన్నారు, కథల్లో మసాలా కలిపాడని అనేవాళ్లూ ఉన్నారు. ఏళ్ల తర్వాత కూర్చుని రాసిన కథలు కదా, తేదీలూ సంఖ్యలూ అటూ ఇటూ అయి ఉండొచ్చు. అయితే ఊళ్లు నిజం, కొండలు నిజం.

మొదటి పుస్తకం నైన్ మ్యాన్ ఈటర్స్ అండ్ వన్ రోగ్ 1954లో వచ్చింది. ఆ తర్వాత వరసగా మరికొన్ని. అప్పటికి విన్‌చెస్టర్ ఆ పాత మోడల్ తయారీ ఆపేసి చాలా కాలమైంది. ఆయన మాత్రం రైఫిలు మార్చలేదు. వయసు పైబడ్డాక చంపడం తగ్గింది, ఊరికే అడవిలో తిరగడం, రాత్రి శబ్దాలు వినడం ఎక్కువైంది. దొంగ వేటగాళ్లు, పశువుల శవాల్లో విషం కలిపి పులుల్ని చంపేవాళ్లు, జీపులో లైటేసి జింకల్ని కొట్టేవాళ్లు - వీళ్ల మీద కోపంతో రాసిన పేజీలే చివరి పుస్తకాల్లో ఎక్కువ. తను కూడా ఒకప్పుడు సరదాకు వేటాడినవాడినేనని దాచలేదు.

1974 ఆగస్టు 30న బెంగళూరులో చనిపోయాడు. వేటను నిషేధించిన చట్టం వచ్చి అప్పటికి రెండేళ్లు. చామల లోయలో ఇప్పుడు పులి జాడ లేదు. మన రాష్ట్రాల్లో తూర్పు కనుమల మీద పులులు మిగిలింది ముఖ్యంగా నల్లమలలో. జంగిల్స్ లాంగ్ ఎగో అనే ఆయన ఆఖరి పుస్తకం 1976లో, ఆయన పోయాకే అచ్చయింది.