గిజుభాయి బధేకా : బాలుని గురువుగా గైకొన్న ఉపాధ్యాయుడు

గురువు చెప్పినదానిని శిష్యుడు వల్లించుటయే విద్య యను భావము మన దేశమున చిరకాలము ప్రబలియుండెను. ఎట్లు బోధింపవలెనని చర్చించినవారు పెక్కురు కలరు. బాలుడు ఎట్లు నేర్చుకొనుచున్నాడో ఓపికతో పరిశీలించినవారు మాత్రము అరుదు. అట్టివారిలో గుజరాతీ విద్యావేత్త గిజుభాయి బధేకా అగ్రగణ్యుడు.

ఆయన 1885 నవంబరు 15వ తేదీన సౌరాష్ట్రమునందలి చితల్ గ్రామమున జన్మించెను. 1907లో జీవనోపాధికై తూర్పు ఆఫ్రికాకు పోయి, మరలివచ్చి బొంబాయిలో న్యాయశాస్త్రము నభ్యసించి, వఢ్వాణ్‌లో వకీలుగా స్థిరపడెను. 1913లో ఆయనకు కుమారుడు కలిగెను. ఈ బిడ్డను ఏ బడికి పంపవలెనను ప్రశ్న ఆ వకీలు జీవితమునే మార్చివైచినది. బెత్తమునకును కంఠపాఠమునకును నెలవులైన నాటి పాఠశాలలు ఆయనకు రుచింపలేదు. ఆ యన్వేషణలోనే ఇటలీ దేశపు విదుషి మరియా మాంటిస్సోరీ సిద్ధాంతములతో పరిచయము కలిగెను.

భావనగరమున నానాభాయి భట్ట్ 1910లో నెలకొల్పిన దక్షిణామూర్తి విద్యార్థి భవనము అప్పటికే పేరుగాంచుచుండెను. గిజుభాయి వకీలు వృత్తిని విడనాడి 1916లో ఆ సంస్థలో చేరెను. పెద్దపిల్లలకు బోధించుచుండగా, వారిలో పాదుకొన్న భయము, అనాసక్తి బాల్యముననే నాటుకొన్నవని గ్రహించి, 1920లో చిన్నపిల్లలకై బాలమందిరమును స్థాపించెను. పిల్లలు ఆయనను తల్లివలె అంటిపెట్టుకొనుటచే ‘మీసాల తల్లి’ యను ముద్దుపేరు వాడుకలోనికి వచ్చెను.

మాంటిస్సోరీ పద్ధతి నాయన యథాతథముగా దిగుమతి చేసికొనలేదు. ఇంద్రియముల ద్వారమున జ్ఞానము కలుగుననియు, ప్రతి బాలునకును తనదైన వేగము కలదనియు, స్వేచ్ఛయే క్రమశిక్షణకు మూలమనియు ఆమె చెప్పినదానిని శిరసావహించెను. అయితే పసిపిల్లలకు అద్భుతకథలు చెప్పు విషయమున ఆమె సందేహించగా, గిజుభాయి జానపదకథలను బాలవిద్యకు ప్రాణముగా నెంచెను. కథాకథనమును గూర్చి ఆయన శాస్త్రగ్రంథమునే రచించెను. పాటలు, ఆటలు, నాటకములు ఆయన బోధనలో పాఠములతో సమానస్థానము పొందినవి. శిక్షలనే కాక బహుమానములను సైతము ఆయన నిరాకరించెను. భయముచేత గాని ఆశచేత గాని నేర్చినది విద్య కాదని ఆయన నిశ్చయము.

ఇట్టి పద్ధతి సంపన్నమైన బాలమందిరమున సాగవచ్చును గాని సాధారణ పాఠశాలలో సాధ్యమా యను ఆక్షేపణ కలదు. ‘దివాస్వప్న’ మను గ్రంథము దీనికి సమాధానమువంటిది. అందు ఒక ఉపాధ్యాయుడు ప్రభుత్వ పాఠశాలయందలి నాలుగవ తరగతిని ఒక సంవత్సరము ప్రయోగార్థము స్వీకరించును. సహోపాధ్యాయుల పరిహాసమును, తల్లిదండ్రుల అనుమానములను, పరీక్షల ఒత్తిడిని ఎదుర్కొనుచు కథలతో, గ్రంథాలయముతో, ఆటలతో ముందునకు సాగును. ఇది కల్పితకథ యగుటచే శాస్త్రీయ నిరూపణముగా గ్రహింపరాదు. కాని ఉపాధ్యాయునకు ఎదురగు చిక్కులను దాచకుండుటయే దీని బలము. ఇది తెలుగున ‘పగటికల’ యను పేర వెలువడినది.

ఇటీవలి కాలమున కొందరు విద్యార్థులను చూచి నేర్చువారు, విని నేర్చువారు, చేసి నేర్చువారు అని విభజించి, ఆ వర్గమునకు తగినట్లే బోధింపవలెనని వాదించిరి. 2008లో అమెరికా మనోవిజ్ఞానవేత్తలు కొందరు ఈ విషయమున జరిగిన పరిశోధనలను సమీక్షించి, ఆ వాదమునకు చాలినంత ఆధారము లేదని తేల్చిరి. గిజుభాయి మార్గము దీనికి భిన్నమైనది. ఆయన బాలునకు ముద్ర వేయలేదు; ఒకే విషయమును వినుటకు, చూచుటకు, చేతితో తాకుటకు, ఆడుటకు అందరికిని అవకాశము కల్పించెను. బాలుని భేదమును గుర్తించుట వేరు, ఆ భేదముననే వానిని బంధించుట వేరు. ఈ వివేకమే ఆయన ప్రయోగమునకు నేటికిని విలువను చేకూర్చుచున్నది.

1926లో నూతన బాలశిక్షణ సంఘము స్థాపింపబడినప్పుడు గిజుభాయికి తారాబాయి మోడక్ తోడుగా నిలిచెను. ఆయన 1936లో దక్షిణామూర్తిని వీడి, 1939 జూన్ 23వ తేదీన బొంబాయిలో మరణించెను. అదే సంవత్సరము నవంబరులో మాంటిస్సోరీ మదరాసునందలి అడయారునకు వచ్చెను. ఆమె సిద్ధాంతమును భారతభూమికి అనువుగా మలచిన ఉపాధ్యాయుడు అప్పటికే కన్నుమూసియుండెను.

తదనంతరము తారాబాయి 1945లో బోర్డీ గ్రామమున పేదపిల్లల ముంగిళ్ళకే బాలవిద్యను కొనిపోయెను. ఆమె ప్రచారము చేసిన ‘అంగన్‌వాడి’ యను పేరు, 1975లో ఆరంభమైన జాతీయ శిశు సంక్షేమ పథకము ద్వారమున తెలుగు పల్లెలలోను ఇంటిమాట యైనది. ఒక తండ్రి తన బిడ్డకై ఆరంభించిన అన్వేషణ ఈ రీతిని అనేకుల బిడ్డలకు దారి చూపినది. ఆ పేరు నిలిచినంత మాత్రమున ఆ పని ముగిసినట్లు కాదు. బెత్తము, వల్లెవేత ఏ తరగతిలో మిగిలియున్నను అచట గిజుభాయి ప్రశ్నయు మిగిలియే యుండును.