యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (1895 జనవరి 12 - 1948 ఆగష్టు) తెలుగువాడైన ప్రఖ్యాత వైద్య శాస్త్రవేత్త. బోదకాలు మందు హెట్రజాన్, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ ఈయన నాయకత్వాన వెలువడ్డాయి. ఆంత్రాక్స్‌ను జీవాయుధంగా ప్రయోగించినపుడు సైనికుల రక్షణకు వాడదగిన డాక్సీసైక్లిన్ ఆ కుటుంబానికి చెందినదే.

బాల్యము, విద్య

సుబ్బారావు నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించాడు. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో ఉత్తీర్ణుడై, తరువాత మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. గాంధీజీ పిలుపు మేరకు ఖద్దరు ధరించి శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యాడు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. సోదరులిద్దరు స్ప్రూ వ్యాధితో స్వల్ప వ్యవధిలో మరణించారు. ఆ వ్యాధికి మందు కనుగొనాలన్న సంకల్పం ఈయనను జీవితాంతం నడిపించింది.

అమెరికాలో పరిశోధనలు

1920ల తొలినాళ్ళలో బోస్టన్ చేరి, ఆసుపత్రిలో చిన్న పనులు చేస్తూ హార్వర్డ్‌లో చదివాడు. సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తం, మూత్రాలలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించాడు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి.లపై కృషి చేశాడు. అయినా హార్వర్డ్‌లో శాశ్వత పదవి లభించలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరాడు. అక్కడ ఈయన బృందం కృత్రిమంగా తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం స్ప్రూ చికిత్సకు ఉపకరించింది.

సైనికులు, కొత్త మందులు

రెండవ ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్ళిన అమెరికా సైనికులు బోదకాలు క్రిముల బారినపడ్డారు. ఈ వ్యాధి కృష్ణా, గోదావరి డెల్టాల ప్రజలకు చిరపరిచితమే. సుబ్బారావు బృందం 1947లో హెట్రజాన్‌ను ప్రకటించింది. డైఇథైల్ కార్బమజైన్ అనే ఈ మందు తరువాత భారత ప్రభుత్వ బోదకాలు నివారణ కార్యక్రమంలో ప్రధాన సాధనమైంది.

పెన్సిలిన్‌కు లొంగని సూక్ష్మజీవులపై పనిచేసే మందు కోసం ఈయన వృద్ధ వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్‌ను నియమించాడు. డగ్గర్ మట్టి నమూనాలను పరీక్షించి ఆరియోమైసిన్‌ను సాధించాడు. నోటిద్వారా ఇవ్వదగిన ఈ మందును 1948లో ప్రకటించారు. పేటెంటు డగ్గర్ పేరున వెలువడింది.

ఆంత్రాక్స్ రక్షణలో పాత్ర

పశువులలో దొమ్మ రోగంగా పిలువబడే ఆంత్రాక్స్‌ను కలిగించే సూక్ష్మజీవి గట్టి సిద్ధబీజాలుగా మారి నేలలో దశాబ్దాలు బ్రతుకుతుంది. అందుకే దీనిని ఆయుధంగా వాడే ప్రయత్నాలు జరిగాయి. 1942లో బ్రిటన్ ప్రయోగాలు జరిపిన గ్రూనార్డ్ ద్వీపం 1990 వరకు నిషిద్ధ ప్రాంతంగా ఉండిపోయింది. 1991 గల్ఫ్ యుద్ధంలో సుమారు 1,50,000 మంది అమెరికా సైనికులకు ఆంత్రాక్స్ టీకా వేశారు.

పీల్చిన సిద్ధబీజాలు ఊపిరితిత్తులలో వారాల తరబడి నిద్రాణంగా ఉండగలవు. మందు మొలకెత్తిన సూక్ష్మజీవులనే అదుపు చేస్తుంది, నిద్రాణంగా ఉన్నవాటిని తాకలేదు. అందువలన డాక్సీసైక్లిన్ లేదా సిప్రోఫ్లాక్సాసిన్‌ను 60 రోజులు వాడాలని వైద్యులు సూచిస్తారు. ఆలోపు టీకా శరీరంలో రోగనిరోధక శక్తిని పెంచుతుంది. 2001లో అమెరికాలో ఉత్తరాల ద్వారా ఆంత్రాక్స్ పంపినపుడు 22 మందికి వ్యాధి సోకగా 5గురు మరణించారు. సిద్ధబీజాల బారినపడి ఉండగలవారికి ఈ రెండు మందులే విరివిగా ఇచ్చారు. సుబ్బారావు ఆంత్రాక్స్ రక్షణకై ప్రత్యేకంగా పరిశోధించలేదు. ఈయన నాయకత్వంలో పుట్టిన ఔషధ కుటుంబం ఈయన మరణించిన తరువాత ఈ అవసరానికి పనికివచ్చింది.

మరణం, గుర్తింపు

ఆరియోమైసిన్‌ను ప్రకటించిన కొద్ది వారాలకే, 53వ ఏట సుబ్బారావు నిద్రలో గుండెపోటుతో మరణించాడు. ప్రచారానికి దూరంగా ఉండటంతో ఈయన పేరు చాలాకాలం మరుగున పడింది. ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసెస్ అని ఈయన పేరు పెట్టారు. 1995లో శతజయంతి సందర్భంగా భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది.