సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారు

వలస వచ్చినవాని మూటలో ధనము లేకపోవచ్చును. చేతిలోని విద్య వానిని విడువదు. చెన్నపట్టణము వర్ధిల్లుటకు అట్టి విద్య యొక మూలము. ఎగుమతికి వస్త్రములు కావలసి, కుంపిణీవారు 1734వ సంవత్సరమున నేతగాండ్రకై చింతాద్రిపేటను నెలకొల్పిరి. తెలుగు మాటాడు నేతవారెందఱో ఈ పట్టణము చేరి, తమ మగ్గములతో దాని భాగ్యమును పెంచిరి. ఆ తెలుగు దేవాంగ సంఘమున 1852లో జన్మించిన మహనీయులు పిట్టి త్యాగరాయ చెట్టిగారు. వారిని ఈ మహాసభా సంచికయందు స్మరించుట మా విధి యని తలంచుచున్నాము.

1876లో బి.ఏ. పట్టమునంది యుండియు వారు సర్కారు కొలువు నాశ్రయింపక వ్యాపారమునే చేపట్టిరి. అది సీమమిల్లుల బట్ట చౌకగా వచ్చిపడి, చేనేతవాని బేరము చెడిన కాలము. చెట్టిగారు విలపించుచు కూర్చుండలేదు. వాషర్మన్‌పేటలో సుమారు నూఱు మగ్గములతో నేతశాల నడపి, త్రాటిని లాగినంతనే నాడె పడుగు నడుమ పరుగెత్తు క్రొత్త మగ్గమును వాడుకలోనికి తెచ్చిరి. నాడెను చేతితో అందించు శ్రమ తగ్గి, దినమునకు నేయు బట్ట పెరిగెను. ఇంటి మగ్గమును విడిచి ఒకచోట కూడి పనిచేయుట ఆనాటి నేతవారికి రుచింపని మాట. పనిముట్టు మారినను వృత్తి నిలుచునని చూపుట అందువలన సులభమైన కార్యము కాదు.

తాము గడించినది వారు తమ యింటనే దాచుకొనలేదు. దక్షిణ హిందూదేశ వర్తక సంఘస్థాపకులలో వారొకరు. నలువది యేండ్లపాటు నగరపాలక సంస్థలో సభ్యులై, దానికి తొలి అనధికారాధ్యక్షులైరి. వారి కాలమున, 1920లో, థౌజండ్ లైట్సు ప్రాంతపు కార్పొరేషన్ పాఠశాలలో పేదపిల్లలకు మధ్యాహ్నభోజనము మొదలయ్యెను. ఆ యేడే తాము నడిపిన జస్టిసు పక్షము ఎన్నికలలో గెలువగా, ముఖ్యమంత్రి పదవి చేతికందినను స్వీకరింపరైరి. 1925 ఏప్రిల్ 28న స్వర్గస్థులైరి.

వారి పేరిట వెలసిన త్యాగరాయనగరము నేడు పట్టుచీరల బజారుగా దేశమంతట ప్రసిద్ధము. అచట చీర కొనువారిలో ఆ పేరు ఒక నేత సంఘపు బిడ్డదని ఎఱిగినవారెందఱు? బజారు వెలిగి మగ్గము చీకటిలో నున్నయెడల ఆ పేరునకు పూర్తి గౌరవము జరుగదు. మన దాతలు నేతవాని బిడ్డకు చదువును, వాని మగ్గమునకు మెఱుగైన పనిముట్టును సమకూర్చుటే చెట్టిగారికి తగిన స్మారకమని మా విన్నపము.