నరాల గుట్టు చూసిన కాహాల్

మన వయసువాళ్ళు నలుగురు చేరితే నరాల బలహీనత ప్రసక్తి రాకుండా ఉండదు. ఆ నరాలు అసలు ఎలా ఉంటాయో కళ్ళకు కట్టినట్లు గీసి చూపినవాడు స్పెయిన్ దేశస్థుడు శాంటియాగో రామోన్ ఇ కాహాల్.

1852 మే 1న పుట్టాడు. తండ్రి వైద్యుడు, మహా కఠినుడు. కొడుక్కేమో బొమ్మలంటే ప్రాణం. చదువబ్బడం లేదని తండ్రి కొన్నాళ్ళు క్షవరం షాపులోనూ, కొన్నాళ్ళు చెప్పులు కుట్టే పనిలోనూ పెట్టాడు. చివరకు శ్మశానంలో దొరికిన ఎముకలు ముందుపెట్టి బొమ్మలు గీయించి వైద్యంలోకి లాగాడు. 1873లో పట్టా పుచ్చుకుని, సైనిక వైద్యుడిగా క్యూబా వెళ్ళి, మలేరియాతో చిక్కిశల్యమై తిరిగొచ్చాడు.

1887లో మాడ్రిడ్‌లో సిమార్రో అనే వైద్యుడు ఆయనకొక స్లైడు చూపించాడు. ఇటలీకి చెందిన గోల్జీ 1873లో కనిపెట్టిన పద్ధతి అది. మెదడు ముక్కను పొటాషియం డైక్రోమేట్‌లో నానబెట్టి, ఆపైన సిల్వర్ నైట్రేట్‌లో ఉంచితే ఎక్కడో కొద్ది కణాలు మాత్రమే కొమ్మలూ రెమ్మలతో సహా నల్లగా తేలతాయి. నాడీమండలమంతా ఒకటే అల్లిక అని గోల్జీ నమ్మకం. కాహాల్ ఆ పద్ధతినే మెరుగుపరచి, 1888లో బార్సిలోనాలో పక్షుల చిన్నమెదడు పరీక్షించి, ప్రతి కణమూ దేనికదే విడిగా ఉందన్నాడు. కొమ్మల్లాంటి డెండ్రైట్లు వార్త అందుకుంటాయి, తీగలాంటి ఆక్సాన్ దాన్ని అవతలికి మోస్తుంది. రాకపోకలు ఒకే దిక్కున. (తంతి శాఖలో చేసిన మిత్రులకు ఇది వేరే చెప్పాలా!) తీగ చివర విద్యుత్ సంకేతం ఆగి, రసాయనం ఊరి, సందు దాటి పక్క కణాన్ని తట్టిలేపుతుందని తరువాతివారు తేల్చారు.

ఈ సంగతి ప్రపంచానికి చెప్పడానికి ఆయన సొంత డబ్బుతో పత్రిక వేశాడు. అచ్చయినవి 60 ప్రతులు! పట్టించుకున్నవారు తక్కువే. 1889లో సూక్ష్మదర్శినితో, స్లైడులతో బెర్లిన్ సభకు వెళ్ళి, పేరుమోసిన కోలికర్‌కు స్వయంగా చూపించాకే గుర్తింపు వచ్చింది.

1906లో నోబెల్ బహుమతి కాహాల్, గోల్జీలిద్దరికీ కలిపి ఇచ్చారు. తమాషా ఏమంటే, గోల్జీ తన నోబెల్ ఉపన్యాసంలోనే కాహాల్ వాదాన్ని ఖండించాడు. కణాల నడుమ సందు ఉన్నట్లు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద కనబడింది 1950లలో. దాని వెడల్పు మిల్లీమీటరులో సుమారు 50 వేలవ వంతు. అప్పటికి ఇద్దరూ లేరు.

కాహాల్ 1922లో 70వ ఏట పదవీ విరమణ చేశాడు, పని మాత్రం మానలేదు. చూపు, వినికిడి, జ్ఞాపకం తగ్గడం గురించి, ఎనభయ్యో ఏట లోకం ఎలా కనబడుతుందో ఒక పుస్తకమే రాశాడు. అది వెలువడిన 1934లోనే, అక్టోబరు 17న మాడ్రిడ్‌లో కన్నుమూశాడు.