వంటగదిలో మొదలైన గాల్జీ కథ

ఊరు ఆమదాలవలస, స్టేషన్ బోర్డు మీద పేరు మాత్రం శ్రీకాకుళం రోడ్. పార్సిల్ మీద ఆ పేరుంటేనే సరుకు మన దగ్గర దిగుతుంది. ఒంట్లోని కణాల్లోనూ ప్రొటీన్లను సర్ది, చిరునామా అంటించి పంపే చోటు ఒకటుంది. స్కూల్లో గాల్జీ సంక్లిష్టం అని చదువుకున్నది దాన్నే. అది నిజంగానే ఉందని రుజువయ్యేసరికి, కనిపెట్టిన మనిషి పోయి పాతికేళ్లు దాటింది.

కమిల్లో గాల్జీ 1843లో ఉత్తర ఇటలీలోని కొర్తెనో అనే కొండ ఊళ్లో పుట్టారు. తండ్రి డాక్టరు. పావియాలో వైద్యం చదివి, 1872లో నయంకాని జబ్బులవాళ్లుండే ఓ చిన్న పట్టణపు ఆసుపత్రిలో చేరారు. అక్కడ ల్యాబ్ లేదు. వంటగదినే ల్యాబ్‌గా మార్చుకుని, రాత్రిళ్లు కొవ్వొత్తి వెలుగులో పనిచేశారు. పొటాషియం డైక్రోమేట్‌తో గట్టిపడిన మెదడు ముక్కను సిల్వర్ నైట్రేట్‌లో నానబెడితే, కొన్ని నాడీకణాలు మాత్రం కొమ్మలతో సహా నల్లగా తేలాయి. అన్నీ నల్లబడి ఉంటే ఏదీ తెలిసేది కాదు!

తర్వాత పావియాలో ప్రొఫెసరయ్యారు. మలేరియా క్రిములు ఎర్ర రక్తకణాలను ఒక్కసారిగా పగలగొట్టుకుని బయటపడినప్పుడే జ్వరం వస్తుందని చూపారు. రోజు విడిచి రోజు వచ్చే చలిజ్వరం మన పెద్దలకు తెలిసిందే. దాని గుట్టు అదన్నమాట.

1898లో గుడ్లగూబ నాడీకణాల్లో, కేంద్రకం పక్కన వలలాంటిదొకటి కనిపించింది. అది రంగువల్ల వచ్చిన మరక అని చాలామంది కొట్టిపారేశారు. వాళ్లను తప్పుపట్టలేం, ఒక ముక్కలో కనిపించింది మరో ముక్కలో కనిపించేది కాదు. 1906లో కహాల్‌తో కలిసి నోబెల్ అందుకున్నారు. నాడీకణాలు వేటికవే అని కహాల్ అంటే, అన్నీ కలిసిన ఒకే వల అని గాల్జీ ఆ వేదిక మీదే వాదించారు. అది మాత్రం పొరపాటే. ఆయన 1926లో కన్నుమూశారు.

1954లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఆ మరకను స్పష్టంగా చూపింది: అట్లు పేర్చినట్టు పల్చటి సంచుల దొంతర. 1960లలో జార్జ్ పలాడే బృందం గినీ పిగ్ క్లోమంలో రేడియోధార్మిక గుర్తుపెట్టిన ప్రొటీన్ల వెంటపడింది. తయారైన ప్రొటీన్ గాల్జీకి చేరి, బుడగల్లో సర్దుకుని, కణం బయటకు వెళ్తోందని తేల్చింది.

టీకా వేయించాక మన బిడ్డల ఒంట్లో యాంటీబాడీలు వచ్చేదీ ఈ దారిలోనే. వాటిని తయారుచేసే ప్లాస్మా కణాల్లో కేంద్రకం పక్కన ఓ తెల్లటి మచ్చ మామూలు మైక్రోస్కోపుకే కనిపిస్తుంది. అది గాల్జీయే. ఎముక మజ్జ పరీక్షలో ఆ కణాలను గుర్తుపట్టేందుకు డాక్టర్లు ఇప్పటికీ ఆ మచ్చ కోసం చూస్తారు.