నాగలి పట్టిన కవి – బమ్మెర పోతన



మీరు రాయపూర్‌లో తెలీబంధా చెరువు పరిసరాల్లో ఉండి ఈ పాఠం చదువుతూ ఉండవచ్చు. లేదా ఏదైనా పల్లెలో పొలం పనులు ముగించుకొని దీపం ముందు కూర్చొని ఉండవచ్చు. ఎక్కడ ఉన్నా ఒక ప్రశ్న మనందరినీ వెంటాడుతుంది. సుఖంగా బతకడానికి మనిషికి ఎంత కావాలి? సుమారు 500 ఏళ్ల క్రితం ఒక తెలుగు కవి ఈ ప్రశ్నకు తన బతుకుతోనే జవాబు చెప్పాడు. ఆయనే బమ్మెర పోతన.

పోతన 15వ శతాబ్దానికి చెందినవాడు. తల్లి లక్కమాంబ, తండ్రి కేసన, అన్న తిప్పన. ఆయన స్వగ్రామం నేటి తెలంగాణలోని జనగామ జిల్లా, పాలకుర్తి మండలంలో ఉన్న బమ్మెర అని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఊరి పేరే ఇంటిపేరు అయింది.

ఆ కాలంలో కవికి జీవనాధారం రాజాశ్రయం. కవి కావ్యం రాసి రాజుకు అంకితమిచ్చేవాడు. రాజు ప్రతిఫలంగా అగ్రహారాలు, బంగారం, పల్లకీలు ఇచ్చేవాడు. పోతనకు ఈ దారి తెలియనిది కాదు. రాచకొండ ప్రభువు సర్వజ్ఞ సింగభూపాలుని గురించిన ‘భోగినీ దండకం’ ఆయన తొలినాటి రచన అని చెబుతారు. అదే దారిలో నడిచి ఉంటే ఆయనకు సంపద దొరికేదే.

కాని పోతన ఆ దారిని వదులుకున్నాడు. వ్యాసుడు సంస్కృతంలో రచించిన భాగవతాన్ని తెలుగు చేయడానికి పూనుకున్నప్పుడు, దాన్ని రాజులకు ఇచ్చి ఊళ్లు, వాహనాలు, ధనం తీసుకోవడం తనకు ఇష్టం లేదని గ్రంథం మొదట్లోనే స్పష్టంగా చెప్పాడు. భాగవతాన్ని భగవంతునికే అంకితం చేశాడు. మరి కుటుంబ పోషణ ఎలా? పోతన నాగలి పట్టి పొలం దున్నుకొని బతికాడని తెలుగువారు తరతరాలుగా చెప్పుకుంటున్నారు.

ఇది చిన్న నిర్ణయం కాదని మీరు గమనించాలి. రాజు అడిగినా పోతన కావ్యం ఇవ్వలేదని, అందుకు కోపించిన రాజు ఆ గ్రంథాన్ని భూమిలో పాతిపెట్టించాడని ఒక కథ ఉంది. ఆ కథ నిజమో కాదో తేల్చడం కష్టం. అయితే మనకు దొరికిన తెలుగు భాగవతం పన్నెండు స్కంధాలలో కొన్ని భాగాలను గంగన, సింగన, నారయ అనే కవులు పూర్తి చేశారన్నది మాత్రం వాస్తవం.

పల్లె బతుకు పోతన కవిత్వంలోకి కూడా వచ్చింది. గోపబాలురు కృష్ణునితో కలిసి చల్దులు తినే ఘట్టం చదవండి. పెరుగు కలిపిన చద్దిముద్ద, వేళ్ల సందున ఊరగాయ ముక్కలు, ఒకరి చేతిలోది ఒకరు లాక్కొని నవ్వడం! పొలం గట్టున కూర్చొని చద్ది తిన్నవారికి ఆ ఆనందం వెంటనే అర్థమవుతుంది. వామనుని కథలో ఇంకో మాట ఉంది. మూడు అడుగుల నేలతో తృప్తి పడనివాడు ఎంత వచ్చినా తృప్తి పడడు అన్నది దాని సారాంశం. పోతన ఆ మాటను తెలుగు చేయడమే కాదు, ఆచరించి చూపాడు.

అయితే ఒక విషయం మరచిపోకండి. సేద్యం చేసినంత మాత్రాన సుఖం దానంతట అదే రాదు. శ్రీనాథుని సంగతి చూడండి. ఆయన విజయనగరంలో ప్రౌఢదేవరాయల చేత కనకాభిషేకం పొందిన మహాకవి. ఆయన పోతనకు బావమరిది అని కథలు చెబుతాయి. ఆశ్రయమిచ్చిన రాజులు పోయాక, ముసలితనంలో ఆయన కృష్ణాతీరంలోని బొడ్డుపల్లెలో పొలం గుత్తకు తీసుకున్నాడని, పంటను వరద కొంత, పక్షులు కొంత పాడుచేయగా 700 టంకాల పన్ను కట్టలేక శిక్ష అనుభవించాడని ఒక చాటు పద్యం వల్ల తెలుస్తోంది. చాటు పద్యాలన్నీ చరిత్ర కావు. అయినా ఇద్దరి కథలనూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ఒకరికి నేల తానై కోరుకున్న బతుకు. మరొకరికి గత్యంతరం లేక వచ్చిపడిన భారం. వాన, వరద, పన్ను ఇద్దరికీ ఉన్నవే. కోరికలు తక్కువగా ఉన్న మనిషి మాత్రం ఎవరి ముందూ తల వంచనవసరం లేకుండా బతికాడు.

ఇలాంటివారు ఇతర భాషల్లోనూ ఉన్నారు. అదే శతాబ్దంలో కాశీలో కబీరు మగ్గం నేస్తూ పాటలు కట్టాడు. రాయపూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్లే దారిలో ఉన్న దామాఖేడా నేటికీ కబీర్ పంథీల ముఖ్య కేంద్రం. చేతిపని మనిషిని తక్కువ చేయదని ఈ ఇద్దరి జీవితాలూ చెబుతున్నాయి. పని చేసుకుంటూనే చదువుకుంటున్న మీకు ఈ మాట మరింత దగ్గరగా అనిపిస్తుంది.

నిరాడంబరత అంటే లేమిని మౌనంగా భరించడం కాదు. తనకు ఏది అవసరమో, ఏది అనవసరమో తెలుసుకొని, ఆ తెలివితో స్వేచ్ఛగా ఉండడం. పోతన పల్లెలో పొందిన సుఖం ఇదే.

ఆలోచించండి

1. పోతన రాజాశ్రయాన్ని ఎందుకు వద్దనుకున్నాడు? మీ సొంత మాటల్లో రాయండి.

2. పోతన సేద్యానికీ శ్రీనాథుని సేద్యానికీ తేడా ఏమిటి?

3. మీ ఇంట్లో గత నెల చేసిన ఖర్చులను రాసుకోండి. వాటిలో అవసరమైనవి ఏవి, లేకపోయినా గడిచేవి ఏవి?