పసికందుల వైద్యుడు ఎషెరిక్

ఈ.కోలై అను సూక్ష్మజీవి పేరు విననివారు విద్యార్థులలో అరుదు. అందలి మొదటి అక్షరము ఒక పసిపిల్లల వైద్యుని పేరునకు గుర్తని యెరిగినవారు మాత్రము కొలదిమందియే.

ఆ వైద్యుడు థియోడర్ ఎషెరిక్. 1857వ సంవత్సరమున బవేరియా సీమలోని ఆన్స్‌బాక్ పట్టణమున జన్మించెను. తండ్రియు వైద్యుడే. తల్లి ఆయన బాల్యముననే గతించెను. 1881లో వైద్యవిద్య ముగించి, 1884లో నేపుల్స్ నగరమున కలరా చెలరేగగా దానిని పరిశీలించుటకై అచటి కేగెను.

ఆ కాలమున ఐరోపా నగరములలో ప్రతి వేసవియందును విరేచనములతో వేలకొలది శిశువులు మరణించుచుండిరి. పోతపాలు త్రాగు బిడ్డలకే ఈ గండ మెక్కువ. కారణ మరయుటకై ఎషెరిక్ మ్యూనిక్ నగరమున చేపట్టిన పని చూచువారికి ఇంపైనది గాదు: పసిబిడ్డల మలమును దినదినమును పరీక్షించుట! తక్కిన పండితులు రోగకారక క్రిములకై వెదకుచుండగా, ఆరోగ్యవంతుడైన శిశువు ప్రేవులలో ఏమేమి యుండునో ముందుగా తెలిసికొనవలెనని ఆయన తలచెను. ఆయన గొప్పతనమంతయు ఈ తలపుననే యున్నది. అప్పుడే పుట్టిన బిడ్డ తొలి మలమున ఆయనకు సూక్ష్మజీవులు కానరాలేదు. కొలది గంటలలోనే అవి వెలుపలినుండి ప్రవేశించెను. బిడ్డ పాలు త్రాగ మొదలిడగనే వాని తీరు మారిపోయెను. ఆహారము మారినచో ప్రేవులలోని జీవులును మారునని దీనివలన తేలినది. 1885లో ఒక విద్వత్సభకు తెలిపిన ఈ విషయములను ఆయన మరుసటి యేట గ్రంథముగా వెలువరించెను.

పిదప 1890లో గ్రాజ్ నగరమునకును, 1902లో వియన్నాకును ఆచార్యుడుగా వెడలెను. పరుల బిడ్డల ప్రేవులకై జీవితము ధారవోసిన ఆయనకు విధి చేసిన అపకారము దారుణమైనది. పదేండ్ల కుమారుడు ప్రేవుకు సంబంధించిన వ్యాధితోనే, అపెండిసైటిస్‌తో, మరణించెను. అయినను ఎషెరిక్ క్రుంగి కూర్చుండలేదు. వియన్నాలో శిశు సంరక్షణ సంఘమును నెలకొల్పి, చనుబాలే ఇండని తల్లులకు బోధింపసాగెను. 1911లో, ఏబదిమూడేండ్ల ప్రాయమున కన్నుమూసెను. 1919లో ఆ సూక్ష్మజీవి జాతికి ఆయన పేరిడిరి.

చనుబాలలోని మహిమ యేమో తరువాతివారు క్రమక్రమముగా కనుగొనిరి. పారిస్‌లో టిస్సియర్ అను వైద్యుడు తల్లిపాలు త్రాగు శిశువుల ప్రేవులలో కొమ్మవలె చీలిన బిఫిడో జీవులను గుర్తించెను. ఆ పాలలో శిశువు జీర్ణించుకొనలేని చక్కెరలు కొన్ని కలవని 1950 ప్రాంతపు పరిశోధనలు తెలిపినవి. శిశువునకు జీర్ణము కానివి పాలలో నేల? అవి బిడ్డకు గాక బిఫిడో జీవులకు ఆహారము! ఆ జీవులు వానిని పులియబెట్టి ఆమ్లములు పుట్టించును. ఆ పులుపున హానికర క్రిములు సులభముగా పెరుగజాలవు. ఇట్టి ఆహారమునకు 1995లో ప్రీబయాటిక్ అను పేరు వచ్చినది. ఆరు మాసములు నిండి, చనుబాలతోబాటు మెత్తని అన్నము తినసాగిన బిడ్డకు పప్పు, అరటిపండు, ఉడికిన ఉల్లి మున్నగువానియందును ఇట్టి పదార్థములు కొంతకొంత లభించును.